నిమ్మకాయ, చెంచా, నా కుడి భుజం

ఈ ఉదయం నా జడ నేనే వేసుకున్నాను. వంకరగా వచ్చింది, పాయలు సమానంగా కుదరలేదు, అయినా ఎవరి చేతా సరిచేయించుకోలేదు. కుడి చెయ్యి తల వెనక్కి వెళ్లి, అక్కడ కాసేపు నిలబడి, పని చేసి తిరిగొచ్చిందంటే నాకది చిన్న సంగతి కాదు. దాదాపు ఏడాదిపాటు ఆ చెయ్యి నాది కాదు. మళ్లీ పట్టేస్తుందేమోనన్న భయం ఇంకా పూర్తిగా పోలేదు. అందుకే చెయ్యి మాట వింటున్నప్పుడే ఇదంతా రాసిపెట్టుకుందామని కూర్చున్నాను. భుజం పట్టేసి, చుట్టూ అందరూ కదపకు కదపకు అంటుంటే విని ఊరుకున్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే, వాళ్లకూ పనికొస్తుంది.

నేను సైన్సు టీచరుని. ఆ మాట ముందే చెప్పేయడం మంచిది, ఈ కథలో నవ్వుకోవలసిందేదైనా ఉంటే అదే. దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో కిరాయి ఇంట్లో నడిచే ప్రైవేటు బడి మాది. ఏటా ఎనిమిదో తరగతికి కీళ్ల పాఠం చెప్పేదాన్ని. మోచెయ్యి మడతబందు కీలు, మెడ బొంగరపు కీలు, భుజం, తుంటి బంతిగిన్నె కీళ్లు. కొబ్బరి చిప్పలో రబ్బరు బంతి పెట్టి గిరగిరా తిప్పి చూపించి, "శరీరంలో భుజమంత స్వేచ్ఛగా తిరిగే కీలు ఇంకోటి లేదు" అంటూ నా చెయ్యి గుండ్రంగా తిప్పేదాన్ని. పిల్లలూ తిప్పేవాళ్లు, కావాలని పక్కవాడి తలకు తగిలేట్టు. ఆ పాఠం అంటే నాకు ఇష్టం. అందులో నాకు తెలియనిది ఏమీ లేదని అనుకునేదాన్ని.

మా ఇల్లు ఎల్బీనగర్ చౌరస్తా నుంచి లోపలికి. అప్పట్లో దాన్ని ఇల్లు అనాలంటే కాస్త ధైర్యం కావాలి. ఒక గదికి స్లాబు పడగానే పాలు పొంగించి దిగిపోయాం, మిగతాది మేముండగా నెమ్మదిగా లేస్తూ వచ్చింది. కాలనీ అంతా అలాగే ఉండేది. ఎటు చూసినా సున్నం పూసిన హద్దు రాళ్లు, సగం లేచిన గోడలు, ఇసుక కుప్పల మీద పడుకున్న కుక్కలు. మా ఆయన యాదగిరి ఆటోనగర్‌లో లారీల షెడ్డులో మెకానిక్కు. కొడుకు నల్గొండలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. ఇంట్లో మేమిద్దరం, మా అత్తమ్మ నర్సమ్మ. పక్కింట్లో గుంటూరు వైపు నుంచి వచ్చిన వరలక్ష్మి గారు. వీధి చివర అందరికీ కలిపి ఒక చేతిపంపు, మా వాళ్ల మాటల్లో బోరింగు.

ఎనభై ఆరు ఆగస్టులో మొదలైంది. రెండో గది గోడలు లేస్తున్నాయి, వానలేమో మొహం చాటేశాయి. పొద్దునా సాయంత్రం నీళ్లు కొట్టకపోతే కొత్త గోడలు పగుళ్లిస్తాయని మేస్త్రీ బెదిరించాడు. బడికి వెళ్లేముందు బోరింగు కొట్టి, బిందెలు మోసుకొచ్చి, గోడలు తడిపేదాన్ని. నాకు ఏ పనీ నెమ్మదిగా చేయడం రాదు. కూర్చుంటే కాళ్లు ఊపుతాను, నిలబడితే ఏదో ఒకటి సర్దుతాను. మా అమ్మ బతికున్నప్పుడు, దీని ఒంట్లో ఎముకలకు బదులు స్ప్రింగులున్నాయి అనేది.

ఒకరోజు బస్సులో పై రాడ్డు పట్టుకోబోతే భుజంలో ఏదో కలుక్కుమంది. బోరింగు వల్ల పట్టి ఉంటుందిలే అనుకున్నాను. వారం గడిచింది, తగ్గలేదు. బోర్డు పైభాగంలో తేదీ రాయాలంటే పళ్లు బిగబట్టాల్సి వచ్చేది. జడ వేసుకుంటుంటే చెయ్యి సగంలో ఆగేది. వీపు వెనక్కి చెయ్యి పెట్టి కొంగు లాక్కోవడం అన్నింటికంటే ముందు పోయింది. ఆ పక్కకు తిరిగి పడుకోవడం కూడా పోయింది. గోడకు దిండు ఆనించుకుని కూర్చునే నిద్రపోవడం అలవాటు చేసుకున్నాను. నిద్ర చాలక బడిలో పిల్లల మీద విసుక్కునేదాన్ని, ఇంటికొచ్చి పెద్దవాళ్ల మీద.

"బేరింగు పట్టేసినట్టుంది," అన్నాడు మా ఆయన, నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి. "జర గ్రీజు పెడితె అయిపోతది."

"నేను లారీని కాదు," అన్నాను.

"లారీ అయితె ఈపాటికి నడుస్తుండె."

ఒళ్లు మండింది. నవ్వు కూడా వచ్చింది, కానీ నవ్వితే భుజం అదిరి నొప్పి పుడుతుందని ఆపుకున్నాను.

ఇక నూనెల యుద్ధం. అత్తమ్మ ఆముదం వేడిచేసి రాస్తే, వరలక్ష్మి గారు నువ్వుల నూనెలో వెల్లుల్లి కాచి గిన్నెతో వచ్చేది. "ఆముదం జిడ్డండీ పిన్నిగారూ, లోపలికి దిగదు. మా వైపు అంతా దీంతోనే తగ్గించుకుంటారు," అని ఆవిడ. "మా దిక్కు ఆముదంతోనే బతికినం తల్లీ, ఏం సచ్చిపోలే," అని అత్తమ్మ. చివరికి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అని రాజీపడ్డారు. నన్నెవరూ అడగలేదు. నేను నడిస్తే వీధిలో కుక్కలు కూడా వెల్లుల్లి వాసనకు తలెత్తి చూసేవి. నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంది.

బతుకమ్మ పండగ వచ్చింది. మా వీధిలో నల్గొండ జిల్లా ఊళ్ల నుంచి వచ్చిన కుటుంబాలే ఎక్కువ, ఆ ఏడు మొదటిసారి అందరం కలిసి ఆడుకుందామనుకున్నాం. పళ్లెంలో తంగేడు, గునుగు పూలు పేర్చి నేనే బతుకమ్మను చేశాను. తల మీదికి ఎత్తుకోవాలి. ఎడమ చెయ్యి లేచింది, కుడి చెయ్యి లేవలేదు. పళ్లెం ఒరిగిపోయింది. అత్తమ్మ అడుగు ముందుకేసి పట్టుకోకపోతే పూలన్నీ మట్టిపాలే. ఆడవాళ్లందరూ చూస్తున్నారు. "ఏమైంది బిడ్డ, చెయ్యి లేస్తలేదా?" అంది అత్తమ్మ మెల్లగా. ఆమె బతుకమ్మను తన తలకెత్తుకుని నడిచింది. నేను వెనక ఖాళీ చేతులతో నడిచాను. ఆ రోజు మొదటిసారి నాకు నిజంగా భయం వేసింది.

పండగ అయ్యాక, సైదాబాద్ దాటి ఒక పహిల్వాన్ దగ్గరికి తీసుకెళ్లాడు మా ఆయన. షెడ్డులో వాళ్లకు కాలో చెయ్యో బెణికితే ఆయన దగ్గరికే పోతారు. పెద్దాయన, మెత్తని చేతులు. భుజం తడిమి, ఏదో లేపనం రాసి, గుడ్డతో చెయ్యిని ఛాతీకి ఆనించి గట్టిగా కట్టాడు. వారం ఉంచి రమ్మన్నాడు. నిజం చెప్పాలి, ఆ కట్టుతో నాకు ప్రాణం లేచొచ్చింది. చెయ్యి కదలదు కాబట్టి నొప్పి లేదు. వారానికి వెళ్తే ఆయన విప్పేసి, ఇక కట్టు అక్కర్లేదు, ఇంటికి పొమ్మన్నాడు.

ఇంటికొచ్చి రెండు గిన్నెలు కడిగానో లేదో నొప్పి మళ్లీ మొదలైంది. అత్తమ్మ తన పాత చీర చింపి మళ్లీ కట్టింది. "అతుకుడు కాలే ఇంక. గంతే," అంది.

ఆమెకు ఆ పట్టుదల ఎందుకో అప్పుడే చెప్పింది. చిన్నప్పుడు వాళ్ల అక్క చింతచెట్టు మీది నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుందట. కట్టు వేసిన కొన్నాళ్లకే కోతల పనికి మనిషి కావాలని విప్పేశారట. "వంకరగ అతికింది బిడ్డ. పెండ్లి గాలే మా అక్కకు. సచ్చేదాంక గా చెయ్యి కొంగు కిందనే దాసుకున్నది." నాకు ఎముక విరగలేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా ఆ కథ ముందు నా సైన్సు నోరు మెదపలేదు.

అలా చలికాలమంతా నా చెయ్యి కట్టులోనే ఉంది. స్నానానికి విప్పడం, మళ్లీ కట్టడం. అత్తమ్మ ఒక్క బిందె ఎత్తనివ్వలేదు. "నువ్వు కూసో. నేను కొట్టుకొస్త," అని బోరింగు దగ్గరికి పోయేది. ఆ బోరింగు కీచుమని అరుస్తుంటే ప్రతి అరుపూ నా చెవిలో పడేది. కూర్చోలేను, లేచి చేసేదేమీ లేదు. కాలు కాలిన పిల్లిలా రెండు గదుల మధ్య తిరిగేదాన్ని. పొద్దున్నే వరలక్ష్మి గారు వచ్చి జడ వేసేది. మొదట్లో కృతజ్ఞతగా ఉండేది. తర్వాత ఆవిడ గేటు చప్పుడు వింటేనే కళ్లలో నీళ్లు తిరిగేవి. నలభై దాటిన మనిషిని, బడిలో గట్టిగా మాట్లాడితే పిల్లలు నిశ్శబ్దమైపోయే టీచరుని, ఎవరో తలదువ్వితే గాని బయటికి అడుగుపెట్టలేను. ఆవిడకు అర్థమైందనుకుంటాను. ఓరోజు దువ్వుతూనే, "మా పెద్దమ్మాయి పెళ్లయి వెళ్లాక జడ వేయడానికి తల దొరకలేదండీ నాకు. మీరేం మొహమాటపడకండి," అంది.

బడిలో కూర్చుని పాఠం చెప్పేదాన్ని, బోర్డు మీద పిల్లలు రాసేవాళ్లు. అందరూ జాలిపడ్డారు. జాలి అయితే చూపించారు గాని, కట్టు విప్పి చెయ్యి ఆడించమని ఒక్కరూ అనలేదు. అనవలసిన మనిషిని నేనే కదా.

జనవరి చివర, ఒక ఆదివారం స్నానానికి కట్టు విప్పి, నొప్పి లేదు కదా అని చెయ్యి ఎత్తి చూశాను. లేవలేదు. నొప్పి వల్ల కాదు. ఎక్కడో అడ్డం పడింది, వానకు ఉబ్బిన తలుపు బిగుసుకున్నట్టు. మా ఆయన్ని పిలిచాను. ఆయన నా మోచెయ్యి కింద చెయ్యి పెట్టి పైకి నెట్టాడు. రెక్క ఎముకతో సహా భుజం మొత్తం చెవి దాకా లేచింది గాని, చెయ్యి మాత్రం ఛాతీ ఎత్తు దాటలేదు. ఎప్పుడూ ఏదో ఒక జోకు వేసే మనిషి, ఈసారి చెయ్యి జాగ్రత్తగా కిందికి దించి, చొక్కా వేసుకుని, "రేపు పెద్ద దవాఖానకు పోదాం" అని బయటికి వెళ్లిపోయాడు.

ఆ రేపు పదిహేను రోజుల దాకా రాలేదు. షెడ్డులో ఆయనకు సెలవు దొరకలేదు. ఈలోపు హెడ్మాస్టరు పిలిపించాడు. బడి ఆయనదే. అల్మాస్‌గూడలో పొలాలున్న కుటుంబం, పొలాలు ప్లాట్లయ్యాక బడి పెట్టాడు. ఎల్బీనగర్ వైపు బడికి సొంత భవనం కడుతున్నాడు, జూన్‌కు అక్కడికి మారాలి.

"మేడమ్, మీరు పరేషాన్ గాకుండ్రి," అన్నాడు కుర్చీ చూపించి. ఎవరైనా అలా మొదలుపెడితే పరేషాన్ కావలసిందే. "కొత్త బిల్డింగుల బోర్డులు పెద్దగ పెట్టిపిస్తున్న. గోడకు ఆ చివరి నుంచి ఈ చివరిదాంక. పదో తరగతి పిల్లలకు మీరు రాయకుంట సైన్సు ఎట్ల చెప్తరు? బొమ్మలు గీయాలె, పేర్లు పెట్టాలె. ఒక సారు దొరికిండు. జూన్ల ఆయన ఒస్తడు. మీరు ఎల్‌కేజీ పిల్లలను చూస్కోండ్రి. కూసోని చూస్కోవచ్చు."

కూసోని. ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఆయన చెడ్డవాడు కాదు, తీసేస్తానని అనలేదు, నాకు సులువైన పని చూపిస్తున్నాననే అనుకున్నాడు. కానీ పదహారేళ్లు కష్టపడి నిలబెట్టుకున్న పాఠాలు అవి. కప్ప గుండె, ఆకు అడ్డుకోత, కీళ్ల బొమ్మ. రంగు సుద్దముక్కలతో నేను గీస్తే పిల్లలు తుడపనిచ్చేవాళ్లు కాదు. "జూన్‌కు నా చెయ్యి లేస్తే?" అని అడిగాను.

ఆయన నా కట్టు వంక చూసి, "లేస్తే మీరే చెప్పుండ్రి మేడమ్. నాకెందుకు కొత్త సారు?" అన్నాడు. లేవదనే నమ్మకంతో అన్నాడు. నేను మాత్రం ఆ మాటను గట్టిగా పట్టుకుని ఇంటికొచ్చాను.

పెద్ద దవాఖానలో బల్లల మీద వరసగా మనుషులు. పిండికట్టు వేసిన కాళ్లు, మెడపట్టీలు, చంక కర్రలు. ఎవరి పాడైన భాగం వాళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నట్టుంది. మా ఆయన చీటీ కోసం వరసలో నిలబడ్డాడు. నేను కూర్చోలేక లేస్తే, లేచిన చోట ఇంకొకరు కూర్చున్నారు. అటు నడిచి, ఇటు నడిచి, గోడమీది బొమ్మలన్నీ చదివేశాను. హయత్‌నగర్ నుంచి మోకాళ్ల నొప్పితో వచ్చిన ఒక పెద్దామె నన్ను చూసి చూసి, పక్కకు జరిగి బల్ల మీద చెయ్యి వేసి కొట్టింది. "కూసో చెల్లే. నువ్వు తిరుగుతుంటె నా మోకాళ్లు గుంజుతున్నయి." కూర్చున్నాను. జామకాయ కోసి సగం ఇచ్చింది. ఎడమ చేత్తో తింటుంటే రసం కారి, ఆమే తన కొంగుతో నా గడ్డం తుడిచింది. పేరైనా అడగలేదు నేను. ఆ కొంగు ఇప్పటికీ గుర్తుంది.

డాక్టరు చిన్నవాడు, విజయవాడ మాట. చెయ్యి పట్టుకుని ముందుకు, పక్కకు, బయటికి తిప్పి చూశాడు. ప్రతిసారీ నేను ఒంటిని వంచేశాను. "ఏం చేస్తారమ్మా మీరు?" అన్నాడు.

"సైన్సు టీచరు."

"అయితే మీకు పెద్దగా చెప్పక్కర్లేదు."

"చెప్పండి," అన్నాను. నాకు తెలుసు అనుకున్నదంతా ఏమైందో నాకే తెలియాలి.

ఆయన కాగితం మీద బొమ్మ గీశాడు. తుంటి దగ్గర గుంట లోతుగా ఉంటుందట, నా కొబ్బరి చిప్ప అక్కడ సరిపోతుంది. భుజం అలా కాదు. "మీ బడిలో ఆటల పోటీల్లో చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని పరిగెత్తిస్తారు కదా? భుజం అదమ్మా. చేతి ఎముక తల నిమ్మకాయ. రెక్క ఎముకలో ఉన్న గుంట చెంచా. అంత లోతు తక్కువ కాబట్టే చెయ్యి అన్ని వైపులకూ తిరుగుతుంది. పడిపోకుండా పట్టుకునేవి కండరాలు, కీలు చుట్టూ ఉండే పల్చని సంచి. ఆ సంచి ఎక్కడికక్కడ వదులుగా ఉండాలి. మీకు అది వాచి, ముడుచుకుపోయింది. ఎందుకొస్తుందో చాలాసార్లు మాకూ తెలియదు. కానీ వచ్చాక కదపకుండా ఉంచితే ఇంకా బిగుస్తుంది. ఎన్నాళ్లు కట్టారు?"

మా ఆయన చెప్పాడు. డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "ఎముక విరిగితే కట్టాలండీ. ఇది కీలు. దీనికి కదలికే అన్నం."

ఉతికిన కాటన్ రవిక చంక దగ్గర ముడుచుకుని చెయ్యి ఎక్కనివ్వదు చూడండి, నాకు అదే కనిపించింది. మధుమేహం ఉందేమోనని రక్తం పరీక్ష చేయించారు, లేదన్నారు. వ్యాయామం చేస్తే వస్తుందని, అయితే నెలలు పడుతుందని, తొందరపడి గుంజితే మొదటికే మోసం వస్తుందని చెప్పాడు. తొందరపడకుండా ఉండటం నాకు పుట్టుకతోనే రాలేదని ఆయనకు ఎలా చెప్పను?

వ్యాయామం నేర్పే ఆమె ఇంకో గదిలో ఉంది. తలుపు మీద కప్పీ, దాని మీదుగా తాడు, రెండు కొసలకూ పిడులు. మంచి చెయ్యి కిందికి లాగితే రెండో చెయ్యి పైకి పోతుంది. "మీరు భుజం ఎత్తుతున్నరు మేడమ్, చెయ్యి ఎత్తుతలేరు," అంది నన్ను చూసి. "అది దొంగ లెక్క. భుజం కింద ఉండాలె, చెయ్యి పైకి పోవాలె." గోడ మీద వేళ్లతో పైకి పాకించడం కూడా నేర్పింది. ఇంట్లో కప్పీ కట్టుకొమ్మంది.

బస్సులో ఇంటికొస్తున్నంతసేపూ నా లోపల ఉడికిపోతోంది. గుమ్మంలోనే అత్తమ్మ ఎదురొచ్చి, "ఏమన్నరు? మళ్ల కట్టాల్నా?" అంది. చేతిలో ఆ చీర గుడ్డ ఉంది.

నోరు జారింది. "మీరు కట్టి కట్టి నా చెయ్యి చంపేశారు అత్తమ్మా. డాక్టరు అదే అన్నాడు. ఇంక నేను ఎల్‌కేజీ పిల్లల ముక్కులు తుడుచుకుంటూ కూర్చోవాలి."

ఆమె గుడ్డ మడిచి బిందె మీద పెట్టి, బోరింగు వైపు నడిచింది. మా ఆయన నన్ను చూసిన చూపు నేను మర్చిపోను. ఆ రెండు రోజులు ఇంట్లో పళ్లాల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. నేను గోడ దగ్గర నిలబడి వేళ్లు పాకించాను. దొంగ భుజం ప్రతిసారీ ముందే లేచేది. మా ఆయన షెడ్డు నుంచి కప్పీ తెస్తానని రెండు రోజులూ మర్చిపోయి వచ్చాడు, అడిగితే విసుక్కున్నాడు.

మూడో రోజు బడి నుంచి వచ్చేసరికి అత్తమ్మ స్టూలు ఎక్కి సజ్జ మీది సామాను దించుతోంది. పాత గోనెసంచి విప్పింది. అందులో ఇనుప గిలక, మా ఊరి బావిది. ఇక్కడికి వచ్చేటప్పుడు, ఇంటి వెనక బావి తవ్వుకుందామని మోసుకొచ్చింది. తవ్వితే బండ పడింది. గిలక సజ్జెక్కింది, మేము బోరింగు పాలయ్యాం.

"ఇది పనికొస్తదా?" అంది, నా మొహం చూడకుండా.

స్లాబు పోసేటప్పుడు ఉయ్యాల కోసమని వదిలిన కొండి ఒకటి గదిలో ఉంది. వరలక్ష్మి గారి అబ్బాయిని పిలిచి గిలక దానికి కట్టించాం. చేంతాడు రెండు కొసలకూ అత్తమ్మే గుడ్డ చుట్టి పిడులు చేసింది. ఆ గుడ్డ నా కట్టుదే. అది చూశాక ఇంక ఉండలేకపోయాను. "అత్తమ్మా, ఆ రోజు నేను అన్నది…" అన్నాను.

"కదిలితె నొస్తది అనుకున్న బిడ్డ," అంది ఆమె, ముడి బిగిస్తూ. "కదలకుంటె పోతదని నాకెవలు చెప్పిన్రు?"

నిజమే, ఎవరు చెప్పాలి? ఎనిమిదో తరగతికి ఏటా చెప్పేదాన్ని, ఇంట్లో చెప్పలేదు.

ఆ వేసవి అంతా గిలక కిందే గడిచింది. స్టూలు మీద కూర్చుని ఎడమ చేత్తో లాగితే, కిర్రుమంటూ కుడి చెయ్యి లేచేది. అత్తమ్మ వెనక నిలబడి, నా భుజం మీద అరచెయ్యి ఆనించి కిందికి అదిమేది. దవాఖాన ఆమె చెప్పిన దొంగతనం ఆమెకు ఒక్క చూపులోనే అర్థమైంది. "ఇగో, భుజం లేస్తున్నది. దించు. మళ్ల ఎత్తు." నేను తొందరపడి గుంజితే అదే గొంతుతో, "దించు. మళ్ల ఎత్తు." నాకు ఓపిక చచ్చేది. కొన్నిసార్లు తాడు విసిరికొట్టి లేచిపోయేదాన్ని. ఆమె తాడు కొస చేత్తో పట్టుకుని, నేను మళ్లీ వచ్చి కూర్చునేదాకా అలాగే నిలబడేది. నొప్పికి ఏడ్చిన రోజులున్నాయి. ఆముదం, నువ్వుల నూనె రెండూ మళ్లీ రంగంలోకి దిగాయి, పని చేసినా చేయకపోయినా వెచ్చగా హాయిగా ఉండేది.

వేళ్లు పాకినంత మేరా గోడ మీద అత్తమ్మ బొగ్గుతో గీత గీసేది. గీతలు ఒక్కోసారి పైకి పోయేవి, ఒక్కోసారి వారాల తరబడి ఒకేచోట ఒకదానిమీద ఒకటి పడి లావెక్కేవి. అలా లావెక్కిన రోజుల్లో నాకు జూన్ తప్ప ఇంకేం కనిపించేది కాదు. ఎల్‌కేజీ గదిలో చిన్న కుర్చీలో కూర్చుని ఉన్నట్టు కలలొచ్చేవి. మా ఆయన ఓరోజు ఆ గీతల దగ్గర నిలబడి చాలాసేపు చూసి, "ఇంజను స్టార్టయింది గని గేరు పడ్తలేదు," అన్నాడు. ఆ జోకు విని నాకు ఎంత ఊరటగా అనిపించిందో. ఆయన మళ్లీ మామూలు మనిషి అయ్యాడన్నమాట.

మే నెల చివర ఒక పొద్దున, వరలక్ష్మి గారు దువ్వుతుంటే దురద పుట్టి, కుడి చెయ్యి దానంతట అదే చెవి వెనక్కి వెళ్లింది. ఆవిడ దువ్వెన ఆపేసింది. నేను గోకుకోవడం కూడా ఆపేశాను. తర్వాత ఆవిడ ఏమీ జరగనట్టు, "కదలకండి టీచరు గారూ, పాయ జారిపోతోంది," అని జడ పూర్తిచేసింది.

జూన్‌లో కొత్త బడి తెరిచారు. సున్నం వాసన ఇంకా పోలేదు. బోర్డు హెడ్మాస్టరు చెప్పినంతా ఉంది, గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా. ఆయన కిటికీ బయట వరండాలో నిలబడ్డాడు, చూడనట్టే. కొత్త సారు ఇంకా రాలేదు, ఆయన్ని పిలవాలా వద్దా అన్నది ఆ పొద్దున్నే తేలుతుంది. సుద్దముక్క తీసుకున్నాను. భుజం లేవబోయింది. నా భుజం మీద అత్తమ్మ అరచెయ్యి ఉన్నట్టే అనుకుని కిందికి అదిమాను. చెయ్యి లేచింది. పైన మూలకు పూర్తిగా అందలేదు, ఒక జానెడు తక్కువ. కానీ వెనక బెంచీ వాళ్లకు కనిపించే ఎత్తులో తేదీ రాశాను, దాని కింద పాఠం పేరు. అక్షరాలు వంకరగా వచ్చాయి. తిరిగి చూసేసరికి వరండాలో ఎవరూ లేరు. కొత్త సారు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అది ఎనిమిదో తరగతి. వరసలో ముందున్నది ఇంకేదో పాఠం, నేను కీళ్లే తీసుకున్నాను. కొబ్బరి చిప్ప తెచ్చాను, ఒక నిమ్మకాయ, ఒక చెంచా కూడా తెచ్చాను. మూడూ బల్ల మీద పెట్టి అడిగాను, "భుజం వీటిలో దేనిలా ఉంటుందో ఎవరు చెప్తారు?"

తరగతి అంతా చేతులెత్తింది. తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు, పక్కవాడు ఎత్తాడని ఎత్తినవాళ్లు. ఒక్కొక్క చెయ్యి చెవికి ఆనుకుని నిటారుగా, వేళ్ల చివరల దాకా. కొందరు ఇంకా ఎత్తు కోసం బెంచీ మీంచి లేచి మరీ ఊపుతున్నారు. ఒక్కరూ తమ భుజం సంగతి ఆలోచించడం లేదు. నేను ఎవరి పేరూ పిలవకుండా ఆ చేతులనే చూస్తూ నిలబడ్డాను.

"టీచర్, చెయ్యి నొస్తున్నది," అంది ముందు బెంచీలోని అమ్మాయి.

"దించండి," అన్నాను అందరితో. "మళ్లీ ఎత్తండి."